ఇంటి ఖాతా: కారు మీది గీతలు ఎవరి పద్దులో రాయాలి?

పోయిన సంచికలో నామినేషన్లు, వీలునామాల గురించి రాస్తే, "చదువుతుంటే గుండె బరువెక్కింది, ఈసారి కాస్త తేలికైన సంగతి రాయండి" అని ఇద్దరు ముగ్గురు ఫోన్లు చేశారు. మా ఆవిడా అదే మాట అంది. సరేనని ఈసారి కారు రంగు గురించి మొదలుపెట్టాను. తీరా రాస్తుంటే ఇదీ అంత తేలిక సంగతి కాదని తేలింది.

మేముండేది సర్జాపుర వైపు. బెంగళూరుకు ఆగ్నేయాన, ఆనేకల్ తాలూకాలో ఉన్న పాత ఊరు ఇది. ఒకప్పుడు మగ్గాలకు పేరుపడింది. ఇక్కడి సంతలో కన్నడంతో పాటు మన తెలుగూ చెవిన పడుతుంటుంది కాబట్టి పరాయి ఊళ్లో ఉన్నామన్న బెంగ అంతగా ఉండదు. ఉన్న బెంగల్లా దుమ్ము గురించే. ఎటు చూసినా కట్టుబడి పనులు, సిమెంటు లారీలు, తవ్విన రోడ్లు. ఇలాంటి చోట నేను నల్ల కారు కొన్నాను. "నలుపెందుకండీ, ఇట్టే మాసిపోతుంది" అని మా ఆవిడ చెప్పింది. బ్యాంకులో ముప్పై ఏళ్లుగా పదిమంది మాటా వింటున్నవాణ్ణి, ఆ ఒక్క మాట వినలేదు.

మూడేళ్లు గడిచాయి. ఒక ఆదివారం ఉదయం కారును నేలమాళిగలోంచి ఎండలోకి తీశాను. బానెట్ మీద సూర్యుడి వెలుగు పడ్డచోట సాలెగూడు అల్లినట్టు వందల సన్నగీతలు! వాటి మధ్య నాణేలంత తెల్లటి వలయాలు. నా ఒంట్లోని నెత్తురంతా తలకెక్కింది.

మా అపార్ట్‌మెంట్లలో కార్లు తుడవడానికి మదనపల్లె వైపునుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిలోపు పాతిక కార్లు తుడుస్తాడు. అతణ్ణి పిలిచి నలుగురి ముందూ కేకలేశాను. "ఈ గీతలేమిటి? ఇసుక పెట్టి తోముతున్నావా? ఈ నెల జీతం ఇచ్చేది లేదు" అన్నాను. అతను తలొంచుకుని, "మీరిచ్చిన గుడ్డతోనే తుడుస్తా ఉండా సార్" అని ఒక్క మాట అన్నాడు. అది నాకు సాకులాగే వినిపించింది.

ఆ మర్నాడే సర్జాపుర రోడ్డులో కార్లకు రంగులేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయనది నలభై ఏళ్ల అనుభవం. చేతిలో టార్చిలైటు పట్టుకుని కారు చుట్టూ తిరిగి, "సార్, ఇవి మూడు రకాల దెబ్బలు. మూడింటికీ కారణాలు వేరు" అన్నాడు. ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతాను.

ముందు రంగు సంగతి. మనం కారుకు ఒకే రంగు పూశారనుకుంటాం. నిజానికి రేకు మీద సాధారణంగా నాలుగు పొరలుంటాయి. రేకును రసాయనంతో శుద్ధి చేశాక, విద్యుత్తు సాయంతో అంటించే తుప్పు నిరోధక పొర మొదటిది. దాని మీద నునుపు కోసం ప్రైమరు, ఆ పైన మనం ఎంచుకున్న రంగు, అన్నిటికీ పైన గాజులా మెరిసే పారదర్శకమైన క్లియర్ కోటు. అన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూ. పై పొరైతే అందులో సగం కూడా ఉండకపోవచ్చు, మన తలవెంట్రుక కన్నా పల్చన. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపేదీ, మెరుపునిచ్చేదీ, గీతలు పడేదీ ఆ పొరే.

ఇక దుమ్ము. ఇసుకలో ఉండే సిలికా మామూలు చాకు ఉక్కు కన్నా గట్టిది. అలాంటి రేణువులు కారు మీద పేరుకుని ఉండగా పొడిగుడ్డతో గుండ్రంగా రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. బానెట్ మీది సాలెగూడుకు కారణం అదీ. ఆ గుడ్డ ఎవరిచ్చారు? నేనే. చిరిగిన పాత లుంగీ ముక్క. ఏడాదిగా అదే గుడ్డ.

రెండోది, కారు భుజాల మీదా డిక్కీ అంచుల మీదా నిలువుగా పడ్డ గీతలు. "కవరు కప్పుతారా సార్?" అని అడిగాడాయన. కప్పుతాను, రోజూ నా చేత్తో నేనే కప్పుతాను. "దుమ్ము బండి మీద కవరు లాగితే, తీసినప్పుడొకసారి, కప్పినప్పుడొకసారి గీతే కదా సార్. గాలికి కవరు ఊగినా అంతే" అన్నాడు. నేను కారును కాపాడుతున్నాననుకుని రోజుకు రెండుసార్లు గీశానన్నమాట.

మూడోది తెల్లటి వలయాలు. ఇవి రెండు రకాలు. మా వైపు చాలా అపార్ట్‌మెంట్లకు బోరునీళ్లూ ట్యాంకరునీళ్లే ఆధారం. ఆ నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ. గీజరు కాయిలు మీద తెల్లటి పెచ్చు కట్టేది ఇవే. కారు మీద నీటిచుక్క ఎండలో ఆరిపోతే నీరు పోయి లవణం వలయంగా మిగులుతుంది. ఇంకొకటి నేలమాళిగ పైకప్పునుంచి కారే చుక్కలు. శ్లాబులోంచి ఊరే నీరు కాంక్రీటులోని సున్నాన్ని కరిగించుకుని కిందికి దిగుతుంది. దానికి క్షారగుణం ఎక్కువ. నాలుగు రోజులు అలాగే వదిలేస్తే పై పొరను తినేసి మచ్చ దిగుతుంది. నా కారు పార్కింగు సరిగ్గా అలాంటి పగులు కిందే ఉంది. ఆ పగులు బాగుచేయించాలని సంఘానికి ఉత్తరం రాయవలసింది నేను. రాయలేదు.

ఏతావాతా తేలిందేమిటంటే, ఆ మూడు దెబ్బల్లోనూ ఆ అబ్బాయి పేర రాయవలసిన పద్దు ఒక్కటీ లేదు.

ఇక గాలిలోని కాలుష్యం సంగతి. నా ఉద్యోగంలో మొదటి ఏళ్లలో విశాఖపట్నం వన్‌టౌన్ వైపు పనిచేశాను. ఓడరేవులో దిగే బొగ్గు, ఎగుమతయ్యే ఇనుప ఖనిజం, వాటి ధూళి ఆ పాతపట్నం వాళ్లకు రోజూ అనుభవమే. డాబా మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. నా స్కూటరు సీటు తుడిస్తే గుడ్డ నల్లబడేది. కారులో తిరిగేవాళ్లు లేత రంగు బండ్ల మీద తుప్పురంగు చుక్కలు పడుతున్నాయని వాపోయేవారు. ఇనుప రేణువు పూత మీద కూర్చుని, తేమకు తుప్పుపట్టి, అక్కడే పాతుకుపోతుంది. రైలు పట్టాల పక్కన నిలిపే కార్లకూ, బ్రేకుల ధూళి పడే చక్రాలకూ ఇదే బాధ.

బొగ్గూ చమురూ మండితే వచ్చే గంధకం, నత్రజని వాయువులు తేమతో కలిసి ఆమ్లమవుతాయి. తాజ్‌మహల్ పాలరాయి గురించి సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చి, చుట్టుపక్కల పరిశ్రమలు బొగ్గు మానాలని చెప్పింది ఇందువల్లనే. రాతినే తినగలిగిన ఆమ్లానికి రంగు ఒక లెక్కా? అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్ ఊళ్లో పెయింటు కంపెనీలు పూత పూసిన పలకలను వేసవిలో ఆరుబయట ఉంచి, ఆమ్లపు మచ్చలను ఏ పూత ఎంత తట్టుకుంటుందో పరీక్షించేవి. ఈ మచ్చలు బానెట్, పైకప్పు, డిక్కీ వంటి చదునైన చోట్లే ఎక్కువ పడతాయి. చుక్క జారిపోకుండా అక్కడే నిలిచి, ఎండకు చిక్కబడడమే కారణం. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి పెట్రోలు, డీజిలులో గంధకాన్ని పది లక్షల వంతుల్లో 50 నుంచి 10కి తగ్గించారు. ఆ మేరకు నయమే.

మా సర్జాపుర రోడ్డు మొదట్లోనే బెళ్లందూరు చెరువుంది. నగరంలోకెల్లా పెద్దది. శుద్ధి చేయని మురుగునీరు, సబ్బునీరు చేరి నురగలు కక్కి, ఆ నురగ గాలికి లేచి దారిన పోయే బండ్ల మీద పడిన రోజులు మా వైపువారందరికీ గుర్తే. 2015లో, 2017లో ఆ చెరువులో మంటలు లేచాయి. 2018 జనవరిలో మంటలార్పడానికి సైన్యం దిగవలసి వచ్చింది. నీళ్లకు నిప్పంటుకోవడం పురాణాల్లో విన్నాం, ఇక్కడ కళ్లారా చూశాం. కారుకైతే పైన ఒక క్లియర్ కోటుంది. మన ఊపిరితిత్తులకు ఆ పొర కూడా లేదు కదా అని అప్పుడనిపించింది.

పక్షిరెట్ట, చెట్టు జిగురు కూడా చిన్న శత్రువులు కావు. ఎండకు పూత కాస్త మెత్తబడి సాగుతుంది, సాయంత్రం చల్లబడి బిగుస్తుంది. ఎండిన రెట్ట కింద బిగిసిన చోట ఆ ముద్ర అలాగే ఉండిపోతుంది. గోటితో గీకకూడదు. తడిగుడ్డ దాని మీద అయిదు నిమిషాలు వేసి ఉంచి, నానాక ఎత్తేయాలి. బెంగళూరు వీధుల్లో నీడనిచ్చే నిద్రగన్నేరు చెట్ల కింద కారు పెడితే పురుగులు విడిచే జిగట చుక్కలు పడతాయి. చెట్టును తిట్టకండి, ఆ నీడ విలువ ఏ పాలిషుకన్నా ఎక్కువ. ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడిస్తే సరి.

ఇప్పుడు నా కామర్సు చదువు కాస్త చూపించనివ్వండి. కారు పై పొర మన మూలధనం. పాలిషు కాంపౌండుతో గీతలు పోగొట్టడమంటే గీతను నింపడం కాదు, గీత అడుగుదాకా చుట్టూ ఉన్న పొరను అరగదీయడం. అంటే అసలులోంచి ఖర్చుపెట్టడం. కారు జీవితకాలంలో అది ఒకటి రెండుసార్లకు మించకూడదు. మైనం అలా కాదు, అది పైన పూసే రక్షణ. బ్రెజిల్‌లో ఒక జాతి తాటి ఆకులనుంచి తీసే కార్నోబా మైనం దీనికి పేరుపొందింది. కొన్ని వారాలకు అది అరిగిపోతే మళ్లీ పూసుకుంటాం. అది రాబడిలోంచి పెట్టే ఖర్చు.

సిరామిక్ కోటింగు గురించి చాలామంది అడుగుతున్నారు. అది సిలికా ఆధారంగా చేసిన గట్టి పొర. నీరు, మురికి తొందరగా జారిపోతాయి, నిజమే. అయితే "తొమ్మిది హెచ్ గట్టిదనం" అని ప్రకటనల్లో చెప్పేది పెన్సిలు ములుకులతో గీసి చూసే కొలత, వజ్రాలతో పోల్చే కొలత కాదు. రాయి తగిలితే అదీ పోతుంది. దాన్ని కూడా కడుగుతూనే ఉండాలి. రాళ్లదెబ్బను ఆపేది పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్ము. కారంతటికీ వేయిస్తే బిల్లు చూసి మళ్లీ గుండె బరువెక్కుతుంది. హైవే మీద ఎక్కువ తిరిగేవారు ముందు బంపరు, బానెట్ అంచు వరకు వేయించుకుంటే చాలు.

ఇన్సూరెన్సు సంగతి చెప్పకపోతే బ్యాంకువాడిగా నేను తప్పు చేసినట్టు. నా కోపంలో మొదట చేయబోయిన పని క్లెయిము పెట్టడం. పూత వాడుకలో అరిగిపోవడం పాలసీలోకి రాదు. రాసుకుపోయిన దెబ్బకైనా లెక్క చూసుకోవాలి. ఉదాహరణకు సొంత నష్టం ప్రీమియం 10,000 రూపాయలనుకుందాం. మూడేళ్లు క్లెయిము లేదు కాబట్టి 35 శాతం తగ్గింపు నడుస్తోంది. ఒక డోరుకు రంగు వేయించడానికి 6,000 అయింది. విడివిడిగా రాయని బిల్లులో నాలుగోవంతు, అంటే 1,500, సామాను కింద లెక్క. అందులో సగం, 750, అరుగుదల కింద తీసేస్తారు. చిన్న కార్లకు మనం భరించవలసిన 1,000 పోగా చేతికొచ్చేది 4,250. క్లెయిము పెట్టకపోతే వచ్చే ఏడు తగ్గింపు 45 శాతం, తర్వాత 50 శాతం. పెడితే సున్నా, ఆ తర్వాత 20, ఆపైన 25. అంటే మూడేళ్లలో పోగొట్టుకునేది 4,500, 3,000, 2,500, మొత్తం 10,000. నాలుగువేల చిల్లర కోసం పదివేలు వదులుకోవడం ఏ పద్దుల పుస్తకంలోనూ లాభం కాదు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు మాత్రం మొహమాటపడకండి, అందుకే కదా పాలసీ కట్టేది.

మరి రోజూ ఏం చేయాలి? ఆ పెద్దాయన చెప్పినవీ, నేను పాటిస్తున్నవీ ఇవి:

1. దుమ్ము మీద పొడిగుడ్డ ఎప్పుడూ వేయకూడదు. ముందు నీళ్లతో దుమ్మును జార్చాలి, తర్వాతే తాకాలి.

2. రెండు చిన్న బకెట్లు పెట్టుకోవాలి. ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో గుడ్డ జాడించే మంచినీళ్లు. గిన్నెలు తోమే సబ్బు మైనాన్ని కూడా ఊడ్చేస్తుంది.

3. పైనుంచి కిందికి, నిటారు గీతల్లో తుడవాలి. చక్రాలకు వేరే గుడ్డ. కిందపడ్డ గుడ్డను ఉతక్కుండా కారుకు తాకించకూడదు.

4. నీడలో కడిగి వెంటనే తుడవాలి. సున్నపు మచ్చ కొత్తదైతే వెనిగరులో సమానంగా నీళ్లు కలిపి, తడిపి, రెండు నిమిషాల్లో బాగా కడిగేయాలి.

5. కవరు శుభ్రమైన, ఆరిన కారుకే. నేలమాళిగలో అయితే కవరు అక్కరలేదు.

"ఇంత నీళ్లెక్కడివండీ?" అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 2024 మార్చిలో బెంగళూరు నీటికి కటకటలాడినప్పుడు, తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. మొదటి కొద్దిరోజుల్లోనే 22 ఇళ్లవారు కలిసి 1,10,000 రూపాయలు కట్టారు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే ఆంక్ష వచ్చింది. మా అపార్ట్‌మెంట్లలో ఆ వేసవిలో కారుకు అరబకెట్టే అని తీర్మానించాం. తీర్మానం మీద సంతకం పెట్టినవారిలో నేనూ ఉన్నాను. తర్వాత వానలు పడ్డాయి, ట్యాంకర్లు తగ్గాయి, కానీ ఆ తీర్మానాన్ని ఎవరూ ఎత్తేయలేదు.

ఇక్కడే నా లెక్క తప్పిందని అర్థమైంది. అరబకెట్టు నీళ్లు, ఏడాది పాత లుంగీ ముక్క, మూడున్నర గంటల్లో పాతిక కార్లు. అంటే కారుకు ఎనిమిది నిమిషాలు. ఈ మూడూ మేమే నిర్ణయించి, గీతలు మాత్రం అతని పద్దులో రాశాం. నలుగురి ముందు కేకలేశాను, మా నాన్నగారు బతికుంటే తలెత్తి నావంక చూసేవారు కారు. ఆయన గుమాస్తాగా పనిచేసిన మిల్లులో ఒకసారి లెక్క తేడా వస్తే, ముందు తన పుస్తకం సరిచూసుకున్నాకే అవతలివాణ్ణి అడిగేవారు.

ఆ మరుసటి ఆదివారం ఆ అబ్బాయిని పిలిచాను. జీతం ఇచ్చాను. "తప్పు నాదయ్యా, నిన్ను అనవసరంగా అన్నాను" అన్నాను. నలుగురి ముందు తిట్టాను కాబట్టి, ఆ నలుగురూ ఉన్నప్పుడే అన్నాను. అతను కంగారుపడి, "ఫర్వాలేదు సార్, పెద్దోళ్లు" అన్నాడు. ఆ మాటకు నాకు మరింత సిగ్గేసింది. మా ఆవిడ లోపల్నుంచి ఒక స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. కారు మీద గీతలు అలాగే ఉన్నాయి గానీ నా మనసు కొంత తేలికపడింది.

తర్వాత సంఘం సమావేశంలో విషయం పెట్టాను. ఒకాయన, "కార్లు తుడవడానికి కూడా తీర్మానమా?" అని నవ్వారు. అయినా చివరికి ఒప్పుకున్నారు. ఇప్పుడు ప్రతి ఇంటివారూ మూడు మైక్రోఫైబరు గుడ్డలు కొనిచ్చారు. గుడ్డను నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలొస్తాయి, ఒక్కో భాగానికి ఒక్కో శుభ్రమైన ముఖం వాడతారు. రోజూ తుడవడం మానేశాం. వారానికొకసారి రెండు చిన్న బకెట్లతో, మొత్తం పన్నెండు లీటర్లతో కడగడం. మధ్యలో రెట్టలేమైనా పడితే స్ప్రే సీసాతో అంతవరకే. పైపు పెట్టి కడిగితే ఎంతవుతుందో నేనే కొలిచాను. పదిహేను లీటర్ల బకెట్టు నిమిషంలో నిండింది. పది నిమిషాల కడుగుడుకు నూటయాభై లీటర్లు! నేలమాళిగ పగులుకు మందు పెట్టించాం. అబ్బాయి జీతం తగ్గించలేదు, కొద్దిగా పెంచాం. పని తగ్గిందిగా అన్నవారికి, పనితనం పెరిగిందిగా అని జవాబు చెప్పాను.

నా కారుకు పెద్దాయన ఒకే ఒక్కసారి పాలిషు చేసి మైనం పూశాడు. సన్నగీతలు చాలావరకు పోయాయి. రెండు వలయాలు మాత్రం పోలేదు. "వీటిని తీయాలంటే పై పొర చాలా పోతుంది సార్, ఉండనీండి" అన్నాడు. ఉండనిచ్చాను. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడు పూత మందం కొలిచే పరికరం పెట్టి చూస్తాడట. కంపెనీ పూత అలాగే ఉన్న బండికి విలువెక్కువ. ఆ రెండు మచ్చలకు అతను కాస్త తగ్గించుకుంటే తగ్గించుకోనీ.

మీ ఊళ్లో, అది చెన్నై అయినా పుణే అయినా దుబాయి అయినా, కారు రంగు కాపాడుకోవడానికి మీరు పాటించే చిట్కాలుంటే రాయండి, అందరితో పంచుకుందాం. వచ్చే సంచికలో బ్యాంకు లాకరు అద్దెకు తీసుకునేవారు చూసుకోవలసిన సంగతులతో మళ్లీ కలుస్తాను. అంతవరకు సెలవు.